సంతాప సభలో నేను చెప్పిన రెండు నిజాలు

అన్నయ్యా,

నువ్వు పోయి పదకొండు నెలలయింది. ఇక్కడ గజపతినగరంలో మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మన ఊళ్లో వదిన కూడా కాస్త తేరుకుంది. మళ్లీ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తోంది.

నీకు చెప్పాల్సిన కబురొకటి ఉంది. ఢిల్లీలో కూర్చుని దేశాన్నేలిన ఆ పెద్దాయన పోయిన నెల చనిపోయాడు. నువ్వుంటే ఏమనేవాడివో... తిట్టేవాడివా? పోనీలే అని ఊరుకునేవాడివా?

మా స్కూల్లో సంతాప సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. ఆయన పెట్టించిన ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకుని టీచరునయ్యానని అందరికీ తెలుసు కదా. నాలుగు మంచి మాటలు చెబితే చాలన్నారు హెడ్మాస్టరు గారు.

సరేనన్నాను గానీ రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ హాస్టలే లేకపోతే నా చదువు పదితో ఆగిపోయేది. అది నిజం. ఆయన శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీ కిందే నీ మూడెకరాల జీడితోట పోయింది. అదీ నిజమే. నాటిన చేత్తోనే చెట్లు కొట్టుకున్నావు. తర్వాత ఆ ఫ్యాక్టరీ గోడకే కాపలా కాశావు, పోయేదాకా...

నీ ఎదుట ఆయన్ని మెచ్చుకోవడానికి నాకెప్పుడూ నోరు రాలేదు. ఒకసారి నువ్వే అన్నావు. "ఒసే, నీకు సదువిచ్చినోడూ ఆడే, నా తోట తీసుకున్నోడూ ఆడే. నా కోసం నువ్వు అబద్దం సెప్పకు. నీ కోసం నన్ను సెప్పమనకు."

అందుకే రెండూ చెప్పాను. హాస్టల్లో మొదటిసారి నాకంటూ ఒక మంచం దొరికిన సంగతి చెప్పాను. కొట్టేసిన చెట్ల మొదళ్ల మధ్య నువ్వు పొద్దుటి నుంచీ కదలకుండా కూర్చున్న సంగతీ చెప్పాను. హెడ్మాస్టరు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తప్పు చేశానా అన్నయ్యా?

ఎవరో ఆ మాటలు ఫోన్లో తీశారట, ఊరిదాకా వెళ్లాయి. మొన్న ఆదివారం వదిన ఇంకో ఇద్దరు ఆడవాళ్లని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. గోడ కట్టాక శ్మశానానికి దారి మూసుకుపోయిందని, నిన్ను కూడా ఊరి చుట్టూ తిప్పి మోసుకెళ్లాల్సి వచ్చిందని చెప్పారు. కలెక్టరు గారికి అర్జీ రాసిపెట్టమన్నారు.

ఇన్నాళ్లూ నన్నెందుకు అడగలేదని వదినని అడిగాను. నేను ఆ పెద్దాయన మనిషిననుకున్నారట.

అర్జీ రాశాను. మన ఊరు శ్రీకాకుళం జిల్లాలోది కదా, సోమవారం అక్కడి కలెక్టరాఫీసుకి వాళ్లతో నేనూ వెళ్తున్నాను. ఒక్కసారితో పని కాదని తెలుసు. ఆ దారి తెరిచేదాకా వెళ్తూనే ఉంటాను.

నీ చెల్లెలు
రవణ