టవర్ మీద గూడు

ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి,

మీ మరదలి నమస్కారాలు. మేమంతా బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చదివి మనసు కుదుటపడింది. మీ ఉత్తరంలో ప్రశ్నల కంటే చీవాట్లే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ముందు వాటికే జవాబు రాస్తాను.

ఒక గద్ద కోసం మీ తమ్ముడు పై అధికారితో పేచీ పెట్టుకున్నారనీ, ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నారనీ, ఈ పిచ్చి ఆయనకు నేనే ఎక్కించాననీ రాశారు. ఎక్కించిన మాట నిజమే. కానీ ఆ పక్షిని మీరు చూడలేదు.

మా క్వార్టర్స్ వెనక ఉన్నదంతా చెట్టూ చేమా లేని బయలు. గూడు పెట్టుకోవడానికి దానికి కరెంటు టవరే దొరికింది. పుల్లలు, గుడ్డపీలికలు, తెగిన తీగముక్కలు పోగేసి మంచమంత గూడు కట్టింది. పైన పచ్చి ఆకు పరిచి, వాడిపోగానే కొత్తది తెచ్చేది. ఇల్లు సర్దుకోవడం తెలిసిన మనిషే అనుకున్నాను. పక్కింటి మాస్టారి దుర్భిణి అడిగి తెచ్చుకుని, డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడల్లా చూసేదాన్ని. ఆడదే పెద్దది, మగది చిన్నది. గాలి వేడెక్కేదాకా రెండూ బద్ధకంగా కూర్చుంటాయి. వేడెక్కాక రెక్క ఆడించకుండానే పైకి లేచి చుక్కంత అయిపోతాయి. కుందేలు, ఉడుము ఏది దొరికితే అది తెస్తాయి. ఏమీ దొరకని రోజు వేరే పక్షి నోటి దగ్గరది లాక్కోవడానికీ వెనకాడవు.

గూట్లో ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దది చిన్నదాన్ని పొడిచి పొడిచి చంపేసింది. తల్లి పక్కనే కూర్చుని ఈకలు దువ్వుకుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మీ తమ్ముడు మాత్రం, మా అక్క నన్ను ప్రాణాలతో వదిలింది, ఆవిడకు దండం పెట్టుకోవాలి అని నవ్వారు.

ఆ మిగిలిన పిల్ల ఇంకా తెల్లటి నూగుతో ఉండగానే ఈయన కరెంటాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. గూటి నుంచి తీగముక్కలు జారి లైను ట్రిప్పై కరెంటు పోతోందట, వెంటనే దించేయాలట. సరఫరా ఆపించి మీ తమ్ముడు ఎక్కారు. సగం దూరం వెళ్లేసరికి తల్లిగద్ద తన మీదికి దూకిందని చెప్పి దిగి వచ్చేశారు. కింద ఉన్న కుర్రాళ్లు మేం ఎక్కుతాం గురూ అన్నారట. పిల్ల ఎగిరేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదని, ఈలోగా లైనుకేమైనా అయితే బాధ్యత తనదేనని ఈయన తెగేసి చెప్పారు. అధికారి కూడా పట్టుదల మనిషే. సరే, కాపాడింది మీరు కాబట్టి దించేదీ మీరే, పిల్ల ఎగిరాక కూడా దించకపోతే మెమో ఇస్తాను అన్నాడట.

పిల్ల ఇప్పుడు ఎగురుతోంది. అది తెలిసి అధికారి స్వయంగా మా ఇంటికి వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాను. ఎగరడం వచ్చినంత మాత్రాన సరిపోదండీ, దానికింకా వేట రాదు, తల్లి తిండి తెచ్చిపెట్టేది గూట్లోనే, గూడు తీసేస్తే అది ఎక్కడని వెతుక్కుంటుంది అని. అధికారి కప్పు కింద పెట్టి మీ తమ్ముడితో, మీ ఆవిడను మా ఆఫీసులో వేసుకుంటే పని ఒక్కటీ జరగదయ్యా అన్నాడు. మీ తమ్ముడు నా వైపు చూపించి, ఇంట్లో నా పరిస్థితి చూశారుగా సార్, ఈవిడ ఒప్పుకోదు అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. కొన్నాళ్లు గడువు దొరికింది.

కాబట్టి మీరు తిట్టాలనుకుంటే నన్నే తిట్టండి. ఆయనకు మాత్రం ఈ పేచీ గురించి ఏమీ రాయకండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. మీరు ఆయనను ఎత్తుకుని పెంచిన మనిషి, మీ దగ్గర దాచలేను. ఆ రోజు నేను డాబా మీదే ఉన్నాను. ఆయన టవర్ సగంలో ఇనప కమ్మీని కావలించుకుని కళ్లు మూసుకున్నారు. ఆకాశంలో గద్ద లేదు. తోటి మనిషి టవర్ మీద కాలు జారి నడుం బెల్టుకు వేలాడినప్పటి నుంచి ఈయనకు ఎక్కడమంటే వణుకు. ఎవరికీ చెప్పరు, నాకూ చెప్పలేదు. పిల్ల గూటికి రావడం మానేసింది, తల్లి దానికి బయల్లో నేల మీదే తినిపిస్తోంది. ఇంకా గూటికి వస్తోందని అధికారికి నేనే చెబుతున్నాను. ఆఫీసు స్టోర్స్‌లో ఒకాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో కూర్చుంటానని ఈయన అర్జీ పెట్టారు. కారణం అడిగిన వాళ్లకు, ఎక్కితే మా ఆవిడ ఆ గద్దల కోసం ప్రాణం తీస్తోంది అని చెబుతున్నారు. మీకూ అదే చెబుతారు. నమ్మినట్టే ఉండండి.