రెండింజన్ల లాంచీకి ఒకటే స్విచ్చి

అన్నం ఉట్టి మీదుంది, గోంగూర జాడీలో ఉంది. ముందు గేదెకు కుడితి పెట్టి, తరవాత మీరు తినండి.

లాంచీ కోసం రేవంతా ఎతకబాకండి. మా అక్కా నేనూ తీసుకుపోతున్నాం. రేపు అవతలి గట్టున మా తమ్ముడి పెళ్ళి పెట్టుకుని, మీ అన్నదమ్ముల తగాదా తెగేదాకా మేం ఈ గట్టున కూర్చోలేం.

మిలిటరీ వేలంలో కలిసి కొన్న లాంచీని పంచుకున్న మొనగాళ్ళు మీరే. కుడి ఇంజను బావగారికి, ఎడమది మీకు! ఎవరి వంతుకు వాళ్ళు ఒక్క ఇంజనే నడిపితే, పడవ గానుగెద్దులా తిరిగి రేవంతా నవ్వింది. ఆయన బ్యాటరీ దిగిపోతే, రెండు బ్యాటరీలూ కలిపే స్విచ్చి తిప్పనిచ్చారా మీరు? మీ కరెంటు ఆయన తాగేస్తాడన్నారు. ఇప్పుడా స్విచ్చి ఎవరి వాటా అని తేల్చుకోను గురజాల కోర్టుకు ఇద్దరూ ఒకే బస్సెక్కి పోయారు.

దాంట్లో ఏందంట అంత చిక్కు? అక్క పొయ్యి ఆరితే మన పొయ్యిలో నిప్పు పట్టుకుపోద్ది. అంటుకున్నాక ఎవరి పొయ్యి వాళ్ళదే. మన పొయ్యేమన్నా చల్లబడిందా? ఇందాక రేవులో స్విచ్చి కలిపి చూశాం, రెండింజన్లూ అందుకున్నాయి. మళ్ళీ విడదీసినా దేని దారిన అది ఆడతానే ఉంది.

మీ పట్టుపంచె పెట్టెలో పైనే ఉంచా. నలగనీయబాకండి.

నాంచారమ్మ

మరిచిపోయా. పెళ్ళికి రావాలంటే రేవులో గుండ్రటి పుట్టి ఉంది, ఇద్దరు పడతారు. తెడ్డు మాత్రం ఒకటే. అది ఎవరి వాటానో నడి ఏట్లోకి పోకముందే తేల్చుకోండి.