నాగపూరా, వరంగలా

బాపూ,

నాకు ఎంబీబీఎస్ సీట్లు రెండొచ్చాయి. ఒకటి నాగపూర్‌లో, ఇంకొకటి వరంగల్‌లో. రేపటిలోగా ఏదో ఒకటి ఖాయం చేయాలి. "వరంగల్ పో బిడ్డా, ఆడ మన మాటనే మాట్లాడుతరు" అంటుంది అమ్మ. మనూరు మహారాష్ట్ర అంచున ఉన్నా, నేను చదివిందంతా మరాఠీలోనే కదా! నాకేమీ తోచడం లేదు.

పొద్దున సర్టిఫికెట్ కోసం సిరోంచ దవాఖానకు వెళ్లాను. రేగుంట నుంచి వచ్చిన ఒక అవ్వ కడుపు పట్టుకుని తెలుగులో చెబుతోంది, కొత్త డాక్టరు మరాఠీలో అడుగుతున్నాడు. అక్కడ ఓపీ చీటీలు రాసే రోజుల్లో నువ్వు చేసినట్టే, నేనూ ఒకరి మాట ఒకరికి చెప్పాను. నాగపూర్‌లో అవ్వ మాట పనికిరాదు, వరంగల్‌లో ఆ డాక్టరు మాట పనికిరాదు. తికమక ఇంకా పెరిగింది.

వెళ్తూ అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"అచ్చం మీ బాపు లెక్కనే చెప్పినవ్ బిడ్డా. నేనొచ్చి శాన దినాలైంది, ఆయన ఇయ్యాల రాలేదేంది?"

నువ్వు పోయి ఏడాదైందని చెప్పలేకపోయాను.

"రేపొస్తడవ్వా" అన్నాను.