అమ్మ అడుగుపెట్టని డాబా

సఖినేటిపల్లి,
1984 ఫిబ్రవరి

ప్రియమైన మణికి,

అమ్మ, సువార్త, నేను అందరం కులాసా. నువ్వు వేళకి తింటున్నావో లేదో అని మాత్రమే మా బెంగ.

మొన్న బుధవారం హాలు వరకు స్లాబు పోసేం, వంటగది గోడలు ఇంకా లేవాలి. పేటంతా వచ్చి చూసేరు. హైస్కూల్లో బెల్లు కొట్టే వరప్రసాదం డాబా కడుతున్నాడని కొందరి కడుపు మండింది గానీ, తట్టలు అందించడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. వంటగది కిటికీ ఏ వైపు ఉండాలో రాయి. తాపీ మేస్త్రి నూకరాజు, మణమ్మగారు చెప్పేదాకా హాలు పూత చూసుకుంటానన్నాడు. నీ జవాబు రావడానికి నెల పడుతుందని వాడికి చెప్పలేదు. చెబితే ఇంకో పనిలోకి చెక్కేస్తాడు.

ఎటొచ్చీ అమ్మ సంగతే అంతుపట్టడం లేదు. నువ్వు కువైట్ వెళ్ళిన దగ్గర్నించీ ముభావంగా ఉంటోంది. పాక గుమ్మంలో కూర్చుని చీపురు ఈనెలు చీరుకుంటుంది గానీ, పక్కనే లేస్తున్న గోడల వంక చూడదు. ఇల్లు ఎలా ఉందమ్మా అని అడిగితే, ఇల్లులాగే ఉంది అంటుంది. ఆవిడ సంగతి నీకు కొత్తా.

సువార్త రెండో ఎక్కం అప్పజెప్పింది. నీకు రాయమంది.

నిన్నే తలుచుకుంటూ,
వరప్రసాదం


కువైట్,
1984 మార్చి

ప్రియమైన సువార్త నాన్నగారికి, మణి వందనములు.

కిటికీ తూర్పుకి పెట్టించండి. పొద్దున్నే వెలుగు గట్టు మీద పడాలి. ఆ గట్టు నా నడుం ఎత్తుకి కట్టించండి, మీ ఎత్తుకి కాదు. మీరు వండేది లేదు, వార్చేది లేదు. గోడలకి నీలం సున్నం. ముందు గదికి మాత్రం తెలుపు. ఇక్కడ మేడమ్ పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఆ గదులన్నీ కళ్ళు మూసుకుని తిరిగొస్తుంటాను. ఇంకా లేని ఇంట్లో తిరగడమేంటని నవ్వొస్తుంది.

నేను వచ్చేదాకా ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించకండి. ఆగస్టులో సెలవిస్తానని మేడమ్ మాటిచ్చింది. అందరం కలిసే దిగుదాం.

అత్తయ్య గురించి నేనేం చెప్పను. నేను బయల్దేరిన రోజున నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పరాయి దేశంలో పాచిపని చేసిన కోడలి డబ్బుతో లేచిన ఇల్లని ఆవిడకి చిన్నతనం. నలుగురూ ఏమనుకుంటారోనని ఉంటుంది. నేను చేసేది దొంగతనం కాదు కదండీ. మీరేమీ అనకండి, పెద్దావిడ. నేనొచ్చేక నేనే కాళ్ళు పట్టుకుంటాను.

సువార్త తలకి నూనె రాయండి.

మీ
మణి


సఖినేటిపల్లి,
1984 జూలై

ప్రియమైన మణికి,

ఇల్లు పూర్తయింది! నీ ఉత్తరం వచ్చేటప్పటికే కిటికీ పడమటికి పెట్టేసేం. కట్టిన గోడ కొట్టించి తూర్పుకి మార్పించేను. నూకరాజు నన్ను ఎగాదిగా చూసేడు గానీ, ఉత్తరం చూపించేసరికి నవ్వేసి తాపీ తీసుకున్నాడు. గట్టు నీ నడుం ఎత్తుకే కట్టించేను. ఎత్తు ఎలా తెలిసిందని అడక్కు, నూకరాజు ముందు చేత్తో చూపించడానికి నాకే సిగ్గేసింది.

ఆగస్టు కోసం చూస్తున్నాం. అందాకా మా కాపురం పాకలోనే. సాయంత్రం పూట సువార్తా నేనూ వెళ్ళి ఇల్లు ఊడ్చి వస్తున్నాం. అమ్మని పిలిస్తే మోకాళ్ళ నొప్పులంటుంది. ఆదివారం ప్రార్థనకి నడిచి వెళ్ళడానికి లేని నొప్పులు పది గజాల దూరానికి ఎందుకొచ్చేయో. మణి ఎప్పుడొస్తుందని మాత్రం ఒకసారి అడిగింది. ఆగస్టు అన్నాను. మళ్ళీ చీపురు కట్టుకుంటూ కూర్చుంది.

నీ రాక కోసం,
వరప్రసాదం


కువైట్,
1984 సెప్టెంబరు

ప్రియమైన మీకు,

ఈ పాటికి నా మీద ఆశ వదులుకునే ఉంటారు. మేడమ్‌కి నెలలు నిండుతున్నాయి. పురుడయ్యేదాకా కదలడానికి వీల్లేదంది. పురుడయ్యేక ఎప్పుడంటే చూద్దామంది. పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. అడిగేను, మళ్ళీ అడిగేను. రెండోసారి అడిగితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడ చెడ్డది కాదు, పండక్కి కొత్త బట్టలు కూడా పెట్టింది. కానీ నాకొక ఇల్లుందని ఆవిడకి ఎంత చెప్పినా బుర్రకెక్కదు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేను. ఇంకేం చెయ్యను చెప్పండి.

నా కోసం ఆగకండి. వానల్లో మూసి ఉంచితే కొత్తిల్లు చెమ్మెక్కిపోతుంది. పాస్టరు గారితో ప్రార్థన పెట్టించి దిగిపోండి. సువార్త గచ్చు మీద ఆడుకోవాలి. అత్తయ్య ముసలితనంలో పొడి నేల మీద పడుకోవాలి. అందుకే కదా నేనిక్కడికి వచ్చింది.

ఫోటో పంపండి. నేను లేని ఫోటో అయినా సరే.

మీ
మణి


సఖినేటిపల్లి,
1984 నవంబరు

ప్రియమైన మణికి,

నువ్వు చెప్పినట్టే దిగేం. పాస్టరు గారు ప్రార్థన చేసేరు, పేట వాళ్ళందరికీ భోజనాలు పెట్టేం. నీ పేరు ఎత్తగానే సువార్త ఏడుపు లంకించుకుంది. దాన్ని ఊరుకోబెట్టి నేను మొదలెట్టేను.

అమ్మ లోపలికి రాలేదు. పందిట్లో కూర్చుని పాటలు పాడింది, అందరితోపాటూ తింది, లేచి పాకలోకి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ మంచం డాబాలో వేసేను. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మంచం మళ్ళీ పాకలో ఉంది. ఎవరు మోసేరో పేటలో ఎవరూ చెప్పరు. బతిమాలేను, కేకలేసేను. నాకిక్కడే బాగుందిరా అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. పాస్టరు గారు వచ్చి మందలిస్తే, ఆయ్, అలాగేనండి అని తల ఊపింది. ఆయన గేటు దాటగానే మళ్ళీ మామూలే.

ముసురు పట్టింది. పాక కప్పు రెండు చోట్ల కారుతోంది. తాటాకు దూర్చి కట్టేను గానీ ఎంత ఆగుతుంది. అమ్మకి దగ్గు పట్టుకుంది. ఎత్తుకెళ్ళి లోపల పడెయ్యలేను కదా మణీ, కన్నతల్లిని. ఆవిడ అక్కడ దగ్గుతుంటే ఇక్కడ నీ నీలం గోడల మధ్య నాకు కూడు సయించడం లేదు.

ఏం చెయ్యమంటావో రాయి.

నీ
వరప్రసాదం


కువైట్,
1984 డిసెంబరు

ప్రియమైన మీకు,

ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. నేనేం పాపం చేసేనండీ ఆవిడకి? ఒకరి పిల్లల ముడ్డి కడిగి, నా పిల్ల ముఖం చూడకుండా బతుకుతున్నది ఎవరి కోసం? నా చెమట అంటిన గోడలు ఆవిడకి మైలా? నేనెంత చేసినా ఆవిడకి కోడల్ని కాలేను, అర్థమైంది.

ఆవిడతో ఇంక బతిమాలకండి. ఆ పాక పీకించెయ్యండి. గుంజలతో సహా పీకించెయ్యండి. అప్పుడెక్కడికి పోతుందో చూద్దాం. నేను రాసేనని చెప్పండి, నాకేం భయం లేదు.

దగ్గుకి మందు మాత్రం ఆపకండి. వేడి నీళ్ళు కాచివ్వండి.

మణి


సఖినేటిపల్లి,
1985 జనవరి

ప్రియమైన మణికి,

టెలిగ్రాం నీ చేతికిచ్చేరో లేదో తెలియదు. ఇవ్వకపోతే నేనే చెప్పాలి. అమ్మ పోయింది.

దగ్గు జ్వరంలోకి దిగింది. రాజోలు నుంచి డాక్టరు గారిని తీసుకొచ్చేను. సూదేసి, ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది, ఈ చెమ్మలోంచి వెంటనే మార్చమన్నారు. నూకరాజూ నేనూ చెరో పక్కా మంచం లేపేం. అమ్మ పాక గుంజ పట్టుకుని వదల్లేదు. అంత జ్వరంలో ఆ బలం ఎక్కడిదో. నాకు తిక్కరేగింది. కోడలి మీద పగ చచ్చేదాకా పోదా అని అరిచేను. ఊపిరందని మనిషి మీద అరిచేను మణీ.

అమ్మ నా వంక చూసింది. ఒక్కో మాటకీ ఆగి ఆగి చెప్పింది.

"పగేంట్రా పిచ్చోడా. దాని ఒళ్ళరిగి లేచిన ఇల్లది. అత్తనైపోయేనని ముందు నేను దూరి కూచుంటే, రేపు అది నా ఇంటికి వచ్చినట్టు రావాలి. అలా కాదు. దానింటికి అది రావాలి. దాని వెనకాల నేనొస్తాను."

ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదని అడిగేను.

"చెప్తే నువ్వు ఊరుకుంటావా, రాసేస్తావు. నా కోసం అత్త పాకలో ఉందని తెలిస్తే, ఆ పరాయి కొంపలో దానికి ముద్ద దిగుద్దా? కోపంగా ఉంటే తింటాది, పని చేసుకుంటాది. కోపంగానే ఉండనీ."

మంచం కింద పెట్టేసేం. నూకరాజు బయటికెళ్ళి నిలబడ్డాడు. నీకు ఇప్పుడే రాస్తాను, నువ్వు ఒప్పుకుంటావు, పద అన్నాను. ఉత్తరం ఎప్పటికి చేరుద్దిరా అని నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

శవాన్ని డాబా హాల్లో పెట్టమని పేటంతా చెప్పేరు. కొత్తిల్లు ఉండగా పాక ముందు పెడతావేంటని పాస్టరు గారు కూడా అన్నారు. నేను ఒప్పుకోలేదు. పాక ముందే పందిరేసి పడుకోబెట్టేను, అక్కడి నుంచే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళేం.

తర్వాత నాలుగు రోజులకి నీ ఉత్తరం అందింది. పాక పీకించెయ్యమని రాసేవు. నువ్వు కుమిలిపోకు. అంత దూరంలో ఉన్నదానివి, నీకేం తెలుస్తుంది? పది గజాల్లో ఉన్న కొడుకుని, నాకే తెలియలేదు. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు.

నువ్వెప్పుడొస్తావని ఇంక అడగను. నీ చేతిలో లేనిది అడిగి నిన్ను ఏడిపించడం తప్ప ఒరిగేదేముంది. నేను అక్కడికి రాలేను, నువ్వు ఇక్కడికి రాలేవు, ఆవిడ ఉన్న చోటికి మన ఉత్తరాలు పోవు.

ఒక్క పని చేసేను, కోప్పడకు. పాక కప్పు మీద కొత్త తాటాకు వేయించేను. సువార్తా నేనూ మా పక్కలు తెచ్చుకుని పాకలోకి వచ్చేసేం. డాబాకి తాళం వేసేను. చెమ్మెక్కితే ఎక్కనీ, సున్నం మళ్ళీ వేసుకుందాం. నువ్వొచ్చి తలుపు తీసేక, నీ వెనకాలే మేమూ వస్తాం.

వేళకి తిను.

నీ
వరప్రసాదం