తమ్ముడి జబ్బుకు కోడు

తమ్ముడూ,

ఎలా ఉన్నావురా? ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళ జబ్బులకు రికార్డుల్లో కోడ్ నంబర్లు వేయడం నా పని కదా, మానసిక వార్డు ఫైళ్ళలో నిన్న నీది నా బల్ల మీదికే వచ్చింది. పేరు గమనించేలోపే సగం చదివేశాను. పోయిన అమ్మ నీతో మాట్లాడుతోందట. చేర్చుకున్న డాక్టరు భ్రాంతి అని రాశారు, ఇంటికి పంపిన డాక్టరు కుంగుబాటు అన్నారు. సొంతవాళ్ళ ఫైలు మేం ముట్టకూడదు కాబట్టి పక్క సీటావిడకు ఇచ్చేసి, రెండింటిలో దేనికి కోడు వేస్తారని అడిగాను.

"చనిపోయినవాళ్ళ గొంతు వినబడితే భ్రాంతే కదండీ, ఇందులో తికమకేముంది?" అందావిడ.

నిన్న పొద్దునే గిన్నెలు తోముతుంటే "తమ్ముడు తిన్నాడా?" అని అమ్మ నన్నూ అడిగిందిరా. అది జబ్బో, బెంగో తేల్చుకోలేకపోతున్నాను.

సోమవారం డాక్టరు దగ్గరికి నీతో నేనూ వస్తాను. నీకు తోడుగానో, నా కోసమో నాకే తెలియడం లేదు.

నీ అక్క