పొన్నంగి పిట్టకు పెరుగన్నం

పటమట,
విజయవాడ.

అత్తయ్యగారికి జ్ఞానేశ్వరి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కనుక రాస్తున్నాను. చల్లపల్లి వెళ్లాక మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయనుకుంటాను. ఫోనులో అయితే నన్ను మాట పూర్తి చెయ్యనివ్వరు, అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

మీ ఉత్తరంలో పిట్ట ఎలా ఉందని అడిగారు. చచ్చిపోయిందండీ. మీరు బస్సెక్కిన మర్నాడు పొద్దున్నే.

బాల్కనీ అద్దానికి కొట్టుకుని పడ్డ పిడికెడంత ప్రాణం. ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు, తోక ఉందా లేదా అన్నట్టు. ఫొటో పంపిస్తే పక్షుల డాక్టరు ఏం చెప్పాడో మీరూ విన్నారు. "ఇది పొన్నంగి పిట్టమ్మా. అడవిలో రాలిన ఆకుల కింద పురుగులు ఏరుకు తింటుంది. అన్నం, గింజలు ముట్టదు. రెండు రోజులు వానపాములు పెట్టండి, లేచి ఎగిరిపోతుంది." దానికి మీరేమన్నారు? "మనింట్లో పురుగులా! శివశివా! ఆకలేస్తే పెరుగన్నం అదే తింటుందిలే." వెండిగిన్నెలో కలిపి తెచ్చి, దాని ముక్కుకు మెతుకులు రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లుగా ఉల్లిపాయ తరగాలన్నా మీ మొహం చూస్తున్నాను. పిట్ట కూడా మీ మడికి లోబడాలా?

శాంభవి మీతో ఎందుకు మాట్లాడటం లేదని కూడా అడిగారు. ఎనిమిదేళ్ల పిల్ల, పూలకుండీలన్నీ తవ్వి ఐస్‌క్రీం డబ్బాలో పద్నాలుగు వానపాములు పోగేసింది. "గంటకొకటి పెట్టమ్మా" అని నాచేత ఒట్టు వేయించుకుని స్కూలుకెళ్లింది. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ. అప్పటికి మీరు వెళ్లిపోయారు. "నానమ్మ పారేసింది" అన్నాను. ఏడుస్తూ కుండీలు మళ్లీ తవ్వింది, ఒక్కటీ దొరకలేదు.

మీరు పారెయ్యలేదు. మీకా డబ్బా సంగతే తెలియదు. స్నానం చేసి మీరు వంటింట్లోకి వస్తున్న చప్పుడు విని, నేనే గబగబా బాత్‌రూంలో వంపేసి నీళ్లు వదిలేశాను. మీరేమంటారోనని భయం. నలభై ఏళ్లొచ్చినదాన్ని, కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని!

నన్నింత పిరికిదాన్ని చేసింది మీరే. ఆ కోపం పోలేదు, పోదు కూడా. క్షమించమని అడగను.

కానీ నిన్న శాంభవికి నిజం చెప్పేశాను. ఆదివారం ఫోను చెయ్యండి, మీతో మాట్లాడుతుంది. ఇప్పుడు మాట్లాడనిది నాతోనే.

ఇట్లు,
మీ కోడలు
జ్ఞానేశ్వరి