ఖాళీ ఇంట్లో ఆరేసిన బట్టలు

మార్చి 9, సోమవారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు. తప్పులున్నా, అక్షరాలు వంకరపోయినా మన్నించండి. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. మనసులే బాగాలేవు.

మిల్లు మూతపడ్డాక మన నాలుగు అద్దె ఇళ్లలో రెండు ఖాళీ అయ్యాయి. వీధిలో అందరూ అద్దెలు తగ్గించారు. మీ తమ్ముడు మాత్రం ససేమిరా అన్నారు. ఒకరికి తగ్గిస్తే ఉన్న ఇద్దరూ తగ్గించమని కూర్చుంటారట. ఖాళీ అని తెలిస్తే బేరంలో లోకువవుతామని, రోజూ ఆ రెండిళ్ల వాకిళ్లు ఊడ్చి, దండేల మీద మా పాత బట్టలు ఆరేయమన్నారు. మూడు నెలలుగా మనుషుల్లేని ఇళ్లకు చాకిరీ చేస్తున్నాను. మొన్న దండెం మీద చొక్కా చూసి పక్కింటి ముసలాయన, "కొత్తగా దిగినాయన బయటికే రాడేంటమ్మా, అంత బిడియమా?" అన్నారు. నాకంటే ఎక్కువని చెప్పాను.

నవ్వు అక్కడితో సరి. పోయిన వారం నేను బట్టలు దులుపుతుంటే ఆసుపత్రి నర్సు ఒకావిడ తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, ఇక్కడెక్కడైనా ఇల్లు ఖాళీ ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆ ముసలావిడ మెట్టు మీద కాసేపు కూర్చుని లేచి వెళ్లింది.

ఇప్పుడు బ్రోకరు, ధరలు పడ్డప్పుడు కొన్నవాడే మొనగాడని ఊదరగొడుతున్నాడు. మేముంటున్న ఇల్లు తాకట్టు పెట్టి అయిదో అద్దె ఇల్లు కొంటారట. ఇళ్లన్నీ నా పేరునే ఉన్నాయి కదా, వచ్చే సోమవారం సంతకానికి రమ్మన్నారు. ఉన్నవే నిండలేదు, ఇంకోటెందుకని అడిగాను. "ఇళ్ల సంగతి నీకేం తెలుసు? చూపించిన చోట సంతకం పెట్టు" అన్నారు.

ఊడ్చేదాన్ని, నాకు తెలియదా? కుళాయిలు తుప్పు పట్టాయి, గోడలు చెమ్మెక్కాయి. తగ్గించైనా మనిషిని నిలుపుకుంటేనే ఇల్లు నిలుస్తుంది. మీ మాటంటే ఆయనకు గురి. ఒకసారి చెప్పి చూడండి.

మీ మరదలు

తా.క. అసలు సంగతి పైన రాయడానికి చెయ్యి రాలేదు. నిన్న ఆసుపత్రికి వెళ్లి ఆ నర్సును వెతికి పట్టుకున్నాను. అద్దె మూడో వంతు తగ్గించి, రెండేళ్లకు కాగితం రాసుకుని, తాళంచెవి ఇచ్చేశాను. తాకట్టు సంతకం పెట్టను. ఆదివారం వాళ్లు దిగేలోపు ఆయనతో చెబుతాను. కోపమొస్తే మీ దగ్గరికే వస్తారు. ముందు అన్నం పెట్టండి. ఈ ఉత్తరం మాత్రం చదవగానే కాల్చేయండి వదినా. ఆ మాట ఆయన నా నోటితోనే వినాలి.